పండగ ఇంటికి క్రాస్ స్టిచ్: తోరణమా, ఫ్రేమా, కొలువు గుడ్డా?

శ్రావణ మాసం మొదలైందంటే మన విజయవాడ, గుంటూరు ఇళ్లకు తీరికుండదు. వరలక్ష్మీ వ్రతం, వినాయక చవితి, దసరా, దీపావళి, క్రిస్మస్, సంక్రాంతి, ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలు, ఆ తర్వాత ఉగాది. వీటిలో ఏదో ఒక పండక్కి చేత్తో కుట్టిన క్రాస్ స్టిచ్ (గళ్ల గుడ్డ మీద లెక్కపెట్టి వేసే ఇంటూ గుర్తు కుట్టు) అలంకరణ ఇంట్లో పెట్టుకోవాలని చాలామందికి ఉంటుంది. కానీ ఎక్కువమంది ముందు బొమ్మ చూసి ముచ్చటపడతారు. దానికి తగ్గ గుడ్డ, దారం కొనేస్తారు. సగం కుట్టాక గానీ దీన్ని ఎక్కడ పెట్టాలన్న ఆలోచన రాదు. నన్నడిగితే ఈ వరస తిరగేయండి. ముందు చోటు, తర్వాత గుడ్డ, చివర్న బొమ్మ.

ఎందుకంటే ఒక్కో చోటుకి ఒక్కో గొడవ ఉంటుంది. గుమ్మం మీద దుమ్ము, పసుపు, కుంకుమ. పూజ గదిలో నూనె, సాంబ్రాణి పొగ. హాల్లో పడమటి గోడకి ఎండ. కొలువు మెట్ల దగ్గర దీపం. ఏడాదిలో ఎన్ని రోజులు అది బయట ఉంటుంది, పండగ అయ్యాక ఉతకాలా వద్దా అన్న రెండు ప్రశ్నలు కూడా వేసుకుంటే ఏ గుడ్డ, ఎన్ని రంగులు, ఎంత పెద్దది అన్నవి వాటంతటవే తేలిపోతాయి.

గుమ్మానికి: ఒకే పట్టీయా, విడి జెండాలా?

గుమ్మం తోరణం రెండు రకాలుగా కుట్టచ్చు. ద్వారం వెడల్పంతా ఒకే పొడుగు పట్టీ ఒక పద్ధతి. చిన్న చిన్న జెండాలు విడిగా కుట్టి, వాటిని ఒక పట్టీకి వేలాడదీయడం రెండో పద్ధతి. మొదటిది చూడ్డానికి నిండుగా ఉంటుంది, కాదనను. అయినా నేను రెండోదే కుట్టమంటాను.

లెక్క చూడండి. మూడడుగుల గుమ్మానికి ఆరంగుళాల ఎత్తు పట్టీ అనుకుందాం. 11 కౌంట్ గుడ్డ అంటే అంగుళానికి 11 గళ్లు. అడ్డంగా 396, నిలువుగా 66, మొత్తం 26 వేల పైచిలుకు. ఖాళీలు వదిలి మూడో వంతు గళ్లే నింపినా 8,700 కుట్లు. చేయి తిరిగినవాళ్లు గంటకు 120 వేస్తారనుకున్నా 70 గంటలు దాటుతుంది. రోజూ ఒక గంట కుదిరితే రెండున్నర నెలలు. మధ్యలో పిల్లల పరీక్షలో, చుట్టాల పెళ్లో వచ్చిందంటే పండగ దాటిపోతుంది. సగం కుట్టిన పట్టీని గుమ్మానికి కట్టలేం.

అదే నాలుగంగుళాల వెడల్పు, ఐదంగుళాల పొడవు జెండా అయితే 2,420 గళ్లు. మూడో వంతు నింపితే 800 కుట్లు, ఆరేడు గంటల పని. ఏడు జెండాలకి 50 గంటల లోపు. పండక్కి ఐదే పూర్తయితే ఎడం కాస్త పెంచి ఐదే కట్టచ్చు. అత్తగారు రెండు, కూతురు ఒకటి పంచుకుని కుట్టచ్చు. ఒకదానికి మరక పడితే అదొక్కటే మార్చుకోవచ్చు. అద్దె ఇల్లు మారి గుమ్మం వెడల్పు తేడా వచ్చినా ఇబ్బంది లేదు. జెండాలు వేలాడదీసే పట్టీకి పాత మంగళగిరి చీర అంచు చాలా బాగుంటుంది. నేత గట్టిది, జరీ గీత సన్నగా ఉంటుంది కాబట్టి కుట్టు మీద నుంచి కన్ను పక్కకి పోదు. కింద కొనలకి పూసలైనా సరే, నరసాపురం క్రోషే లేసైనా సరే. ఆ లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఒక్క జాగ్రత్త. పండగ రోజు అసలు మామిడాకుల తోరణం ఎలాగూ కడతాం. పచ్చి ఆకు తొడిమ నుంచి కారే సొన గుడ్డకి తగిలితే గోధుమ రంగు మరక పడుతుంది, తేలిగ్గా వదలదు. అందుకని గుడ్డ తోరణం లోపలి వైపు గుమ్మానికి, ఆకుల తోరణం బయటి గుమ్మానికి కట్టండి. ఒకే గుమ్మం ఉంటే గుడ్డది పైన, ఆకులది దానికి తగలకుండా జానెడు కింద. పసుపు మరకని చూసి మాత్రం కంగారుపడకండి. సబ్బు తగలగానే ఎర్రబడుతుంది, అది పసుపు గుణం. సబ్బు పోయేదాకా జాడించి, కుట్టు లోపలికి తిప్పి కాసేపు ఎండలో వేస్తే వెలిసిపోతుంది. కుంకుమ అలా పోదు. గుమ్మానికి కుంకుమ బొట్లు పెట్టడం అయ్యాకే తోరణం కట్టండి.

ముగ్గు నుంచి డిజైన్

డిజైన్ ఎక్కడ దొరుకుతుందని అందరూ అడుగుతారు. దొరికేవాటిలో ఎక్కువ గులాబీలు, పిల్లులు, మంచు కప్పిన ఇళ్లు. మనకి కావలసింది మన వాకిట్లోనే ఉంది. చుక్కల ముగ్గు, క్రాస్ స్టిచ్ రెండూ లెక్క మీద నడిచేవే. అయితే ప్రతి ముగ్గూ గళ్లలోకి రాదు. ఏది వస్తుంది, ఏది రాదు అన్నది తెలిస్తే బోలెడు టైమ్ కలిసొస్తుంది.

ఎదురు చుక్కల ముగ్గులు హాయిగా వస్తాయి. చుక్క కింద చుక్క ఉంటుంది కాబట్టి గీతలన్నీ నిలువు, అడ్డం, సరిగ్గా ఐమూల. ఈ మూడూ క్రాస్ స్టిచ్‌కి సహజమైన దారులు. గళ్ల కాగితం తీసుకుని చుక్కకీ చుక్కకీ ఆరు గళ్లు లెక్కపెట్టి గుర్తులు పెట్టండి. ఏడు చుక్కల ముగ్గు 37 గళ్లలో సరిపోతుంది. 14 కౌంట్ మీద కుడితే రెండున్నర అంగుళాల పైన, 11 కౌంట్ మీద మూడున్నరకి కాస్త తక్కువ. జెండా మీద చక్కగా కూర్చుంటుంది.

సందు చుక్కల ముగ్గులతోనే చిక్కు. ఆరు రేకుల పువ్వులు, ఆరు కోణాల చుక్కలు ఎక్కువగా వీటిలోనే ఉంటాయి. ఎదురు చుక్కకి పెట్టినట్టే వరసకీ వరసకీ అంతే ఎడం పెడితే పువ్వు నిలువుగా సాగిపోతుంది. అడ్డంగా చుక్కల మధ్య 8 గళ్లు, వరసల మధ్య 7 గళ్లు పెట్టి, ఒక్కో వరసని 4 గళ్లు పక్కకి జరపండి. పువ్వు దాదాపు వాకిట్లో వేసినట్టే వస్తుంది. ఏటవాలు గీతలు మాత్రం మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. అవి నచ్చకపోతే రేకుల లోపల క్రాస్ స్టిచ్ నింపి, అంచుకి ఒంటి పోగుతో బ్యాక్ స్టిచ్ (తెగని గీతలా వచ్చే కుట్టు) వేయండి.

మెలికల ముగ్గుల జోలికి వెళ్లద్దు. వాటి అందమంతా ఆ వంపులోనే ఉంది. గళ్లలో పెడితే ఆ వంపు చచ్చిపోతుంది. వాటిని గొలుసు కుట్టుతో మామూలు గుడ్డ మీద కుట్టుకోవడమే మంచిది.

రంగు విషయానికొస్తే, ముదురు ఎరుపు లేదా మట్టిరంగు గుడ్డ మీద తెల్ల దారంతో కుట్టిన ముగ్గు అలికిన వాకిలిని గుర్తుకు తెస్తుంది, సంక్రాంతికి దాన్ని మించింది లేదు. కానీ ముదురు గుడ్డ మీద చిల్లులు కనపడవు, కళ్లు లాగుతాయి. ఒళ్లో తెల్ల తువ్వాలు వేసుకుని కుడితే చిల్లులు వెలుగులోకి వస్తాయి. అది కూడా పగటిపూటే. రాత్రిళ్లు కుట్టేవాళ్లు మీగడ రంగు గుడ్డ మీద ఎర్ర దారంతో సరిపెట్టుకోవాలి.

కర్ణాటక ఎంబ్రాయిడరీ కసూతిలో మెంతి అనే కుట్టు ఉంది, అది అచ్చం మన క్రాస్ స్టిచ్చే. కసూతిలోని గోపురం, రథం, తులసికోట బొమ్మలు కూడా గళ్ల లెక్కలోనే పుట్టినవి కాబట్టి ముగ్గు తర్వాత వాటివైపు చూడండి.

బొమ్మల కొలువుకి

సంక్రాంతికో దసరాకో కొలువు పెట్టే ఇళ్లకి మెట్ల గుడ్డ మంచి ఎంపిక. మెట్టు పైభాగం ఎలాగూ బొమ్మల కింద పోతుంది. కనపడేది ముందుకి వేలాడే నాలుగంగుళాల అంచు, కుట్టాల్సింది అదొక్కటే. నాలుగడుగుల మెట్టుకి 11 కౌంట్ మీద 528 గళ్లు వస్తాయి. 24 గళ్లకొకసారి తిరిగి వచ్చే డిజైన్ తీసుకుంటే 22 సార్లు పడుతుంది, ఒక్క గడీ మిగలదు, తగ్గదు. ఒక్కోసారికి 100 కుట్లయితే మెట్టుకి 2,200, అంటే 18 గంటలు. ఐదు మెట్లూ ఒకే ఏడాది అని పట్టుబట్టకండి. ఏడాదికో మెట్టు కుట్టుకుంటూ పోవచ్చు, పై మెట్టుతో మొదలుపెడితే కలశం ఉండే చోటు ముందు తయారవుతుంది. రంగు మారకుండా దారం నంబరు మాత్రం ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి.

ఇక్కడ ఒక్క రంగే వాడండి. కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి కర్రతో చేసి నిండు రంగులు వేసినవి. అంబారీ ఏనుగు, దశావతారాలు, ఎడ్లబండి అన్నీ ఒకచోట చేరితే రంగులకి కొదవ ఉండదు. కింద గుడ్డ మీద మళ్లీ ఎనిమిది రంగుల పూలతీగ వేస్తే ఏదీ కంటికి ఆనదు. మీగడ రంగు మీద ముదురు ఎరుపు, లేదా ఎరుపు మీద మీగడ. కింది మెట్టు ముందు దీపం పెట్టే అలవాటుంటే ఆ మెట్టుకి వేలాడే అంచు వద్దు, గుడ్డ చెక్క మీదే ఆగిపోవాలి.

గోడ ఫ్రేమ్

ఎక్కువమంది మొదట మనసుపడేది దీని మీదే, నేను అందరికన్నా చివర్న చెప్పేదీ దీన్నే. అడ్డం 150 గళ్లు, నిలువు 200 గళ్ల నిండు బొమ్మ అంటే 30,000 కుట్లు. పైన చెప్పిన లెక్కనే 250 గంటలు, రోజుకి గంట చొప్పున ఎనిమిది నెలలు. అయ్యాక గోడకెక్కి ఏడాది పొడుగునా అక్కడే ఉంటుంది. రోజూ చూసేదానికి పండగ కళ రాదు. దాచిపెట్టి, పండగ నాడు తీసి కట్టేదానికే ఆ కళ.

అయినా ఇంటి దేవుడి బొమ్మో, మేరీమాత బొమ్మో సొంతంగా కుట్టి పెట్టుకోవాలన్న కోరిక ఉంటే అది వేరే. అప్పుడు ముఖం ఎన్ని గళ్లలో వస్తుందో ముందే చూడండి. ముఖం వెడల్పు మరీ తక్కువ గళ్లలో వస్తే కన్నుకి మూడు నాలుగు గళ్లే మిగులుతాయి, చూపు రాదు. దేవుడి బొమ్మకి చూపు రాకపోతే మిగతాదంతా ఎంత బాగా వచ్చినా లోటే.

ఫ్రేమ్ కట్టించేటప్పుడు రెండు మాటలు గట్టిగా చెప్పండి. అద్దం కుట్టుకి తగలకూడదు, మధ్యలో మౌంట్ బోర్డు ఉండాలి. కృష్ణ పక్కన ఉన్న ఊళ్లు, వానాకాలం గాలిలో తేమ ఎక్కువ. అద్దానికి ఆనుకున్న దారం ఆ తేమ పట్టి బూజు చుక్కలు తెచ్చుకుంటుంది. గుడ్డని గమ్‌తో అట్టకి అంటించనివ్వకండి. కొన్నేళ్లకి గమ్ మరక ముందుకి వస్తుంది. వెనక వైపు అడ్డం, నిలువు దారంతో లాగి కట్టించండి, లేదా మీరే కట్టి ఇవ్వండి. ఇంత శ్రమ వద్దనుకుంటే చిన్న బొమ్మని కుట్టిన రింగులోనే బిగించి గోడకి తగిలించచ్చు. ఒకే రింగులో దసరాకి పద్మం, క్రిస్మస్‌కి నక్షత్రం, ఉగాదికి మామిడి పిందె మార్చుకోవచ్చు.

క్రిస్మస్‌కి చిన్నవి

గుంటూరులో డిసెంబర్ రాగానే వీధి వీధికీ కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. చెట్టుకో కిటికీకో వేలాడదీసే చిన్న ముక్కలకి గుడ్డకన్నా ప్లాస్టిక్ కాన్వాస్ (గళ్లు గళ్లుగా చిల్లులున్న ప్లాస్టిక్ షీటు) మేలు. గట్టిగా నిలబడుతుంది, అంచు కత్తిరించినా పోగులూడవు, దుమ్ము పడితే నీళ్లలో జాడించచ్చు. చెయ్యి కుదరని పిల్లలకి నేర్పడానికి కూడా ఇదే సులువు. అయితే కొవ్వొత్తి, దీపం దగ్గర పెట్టకూడదు, కరుగుతుంది.

నక్షత్రం కుట్టేవాళ్లు ఎనిమిది కోణాలది తీసుకోండి. నిలువు, అడ్డం, ఐమూల గీతలతోనే వచ్చేస్తుంది కాబట్టి చిన్న సైజులో కూడా చక్కగా ఉంటుంది. ఐదు కోణాల నక్షత్రం గళ్లలో ఎప్పుడూ ఒకవైపు ఒరిగినట్టే ఉంటుంది. గంట, పశువుల తొట్టి, కొవ్వొత్తి కూడా బాగా వస్తాయి. 40 గళ్ల బొమ్మ 14 కౌంట్ మీద మూడంగుళాల లోపు.

గుడ్డ, దారం, కిట్

క్రాస్ స్టిచ్‌కి వాడే గళ్ల నేత గుడ్డలు ఐడా, మ్యాటీ రెండింటిలో ఏది అంటే, మొదటిసారి కుట్టేవాళ్లు ఐడా తీసుకోండి. గడి నిలువూ అడ్డం సమానంగా ఉంటుంది, చిల్లు స్పష్టంగా కనపడుతుంది. మ్యాటీ చవక, మీటర్ల లెక్కన దొరుకుతుంది, మెత్తగా వేలాడుతుంది, కొలువు గుడ్డలకి అదే బాగు. కానీ కొనేముందు షాపులోనే టేపు పెట్టి నాలుగంగుళాల్లో ఎన్ని గళ్లున్నాయో రెండు వైపులా లెక్కపెట్టండి. ఒకవైపు 44, ఇంకోవైపు 40 వస్తే మీ గుండ్రటి పద్మం కోడిగుడ్డు అవుతుంది. మ్యాటీని కుట్టకముందే ఒకసారి తడిపి ఆరేయాలి, కుంచించుకుపోతుంది. వెనక వేసే లైనింగుకీ అంతే. విజయవాడ వస్త్రలతలో తెచ్చిన కొత్త లైనింగు తడపకుండా వేసేసి, తర్వాత ఉతికితే తోరణమంతా ముడతలు పడుతుంది. మంగళగిరి చేనేత గుడ్డ మీదే కుట్టాలనుకుంటే నేరుగా గళ్లు లెక్కపెట్టలేరు, పైన వేస్ట్ కాన్వాస్ (కుట్టాక తీసేసే గళ్ల గుడ్డ) పెట్టి కుట్టి, తర్వాత దాని పోగులు ఒక్కోటీ లాగేయాలి.

11 కౌంట్‌కి మూడు పోగులు, 22 నంబరు సూది. 14కి రెండు పోగులు, 24 నంబరు. 18కి ఒక పోగు, 26 నంబరు. తోరణం కింద నుంచి చూసేది కాబట్టి 11 చాలు. చేతిలోకి తీసుకుని చూసే చిన్నవాటికి 14. 18 కౌంట్ కళ్లున్నవాళ్లకి, ఓపికున్నవాళ్లకి.

దారం మీద మాత్రం డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి. యాంకర్, డీఎంసీ కంపెనీల లచ్ఛి 8 మీటర్లు, ఆరు పోగులు. 11 కౌంట్ మీద మూడు పోగులతో కుడితే ఒక లచ్ఛి సుమారు వెయ్యి కుట్లకి వస్తుంది. ఆ లెక్కన మీ తోరణానికి కావలసినవన్నీ ఒకేసారి కొనండి. పేరు లేని దారాల్లో ఎరుపు, నలుపు రంగు దిగుతాయి. తెల్ల దూది తడిపి దారం మీద రుద్ది చూడండి, దూదికి రంగంటితే ఆ లచ్ఛిని పండగ గుడ్డకి వాడద్దు. దీపావళికి మెరుపు కావాలంటే జరీ దారం అడుగు పొడవు ముక్కలుగా కత్తిరించి అంచు గీతలకే వాడండి. పొడుగు దారం చిల్లుల్లోంచి లాగి లాగి పోగులూడిపోతుంది.

కిట్ కొనాలా అంటే, కుట్టు నేర్చుకోవడానికి ఒక చిన్న కిట్ కొనండి. గుడ్డ మీదే రంగులు అచ్చువేసినవి సులువుగా కనిపిస్తాయి గానీ, అచ్చు ఒక్కోచోట గడి మీద సరిగ్గా పడదు, అచ్చు తప్పా మన తప్పా అన్న టెన్షన్ మొదలవుతుంది. చార్టు చూసి లెక్కపెట్టి కుట్టే కిట్ వారం రోజులు కష్టమనిపిస్తుంది, తర్వాత ఏ ముగ్గునైనా గుడ్డ మీదికి తెచ్చుకునే ధైర్యం వస్తుంది.

పండగయ్యాక

చల్లటి నీళ్లు, మెత్తటి సబ్బు, పిండకుండా తువ్వాల్లో చుట్టి ఒత్తడం. ఇస్త్రీ ఉతికాకే చేయాలి. ఉతక్కుండా చేస్తే చేతి జిడ్డు, రింగు గుర్తు గుడ్డలో ఉండిపోతాయి. మందపాటి తువ్వాలు మీద కుట్టు కిందికి పెట్టి వెనకవైపు నుంచి ఇస్త్రీ చేస్తే కుట్లు అణగవు. జరీ దారంతో కుట్టిందైతే ఉతకద్దు, దులిపి గాలికి ఆరేస్తే చాలు. మడత పెట్టకుండా అట్ట గొట్టానికి కుట్టు బయటికి ఉండేలా చుట్టి, పాత పంచె ముక్కలో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే వానాకాలంలో బూజు పట్టడం ఖాయం.

దసరాకి కావాలంటే ఉగాది కాగానే మొదలుపెట్టేయండి, మే నెల ఎండల్లో చేతికి చెమట పట్టి పని ఎలాగూ నెమ్మదిస్తుంది. సంక్రాంతి తోరణానికి వినాయక చవితి నాటికి గళ్ల కాగితం మీద ముగ్గు సిద్ధంగా ఉండాలి. క్రిస్మస్ చిన్న ముక్కలకి మాత్రం దీపావళి అయ్యాక కూర్చున్నా నాలుగైదు పూర్తవుతాయి.